కరెంటు, వేడినీళ్లు ఒకే యంత్రంతో.. ఇంట్లో పెట్టుకుంటే లాభమేనా?

డిసెంబర్ నెల, ఫజ్ర్ నమాజ్ వేళ. కరెంటు పోయింది. అపార్ట్‌మెంట్ కింద జనరేటర్ మొదలైంది. పైన ఇళ్లలో ఒక లైటు, ఒక ఫ్యాను నడుస్తాయి. గీజర్ మాత్రం నడవదు. ఆ లోడ్‌ను జనరేటర్ మోయలేదు. అందుకని వుజూకు చన్నీళ్లే గతి. సరిగ్గా అదే సమయంలో కింద జనరేటర్ ఇంజిన్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఉంటుంది. ఆ వేడంతా రేడియేటర్ గాలిలో, పొగ గొట్టంలో బయటికి పోతుంది.

కింద వేడి వృథా, పైన చన్నీళ్లు. ఈ రెండింటినీ కలిపే యంత్రం లేదా అంటే, ఉంది. జపాన్‌లో లక్షల ఇళ్లలో, జర్మనీలో వేల భవనాల్లో అలాంటివి నడుస్తున్నాయి. ఒకే ఇంధనంతో అటు కరెంటు, ఇటు వేడి. వినగానే ‘ఇదేదో బాగుందే, మన ఇంటికీ ఒకటి ఉంటే కరెంటు బిల్లు బాధ తప్పుతుంది కదా’ అనిపిస్తుంది. విదేశాల్లో ఉన్న కొడుకో, అల్లుడో ఫోన్‌లో చెబితే ఆశ ఇంకా పెరుగుతుంది.

అయితే ఈ యంత్రం లాభమా నష్టమా అన్నది అది ఇచ్చే కరెంటును బట్టి తేలదు. అది ఇచ్చే వేడికి ఇంట్లో పని ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. ఆ లెక్క అర్థమైతే అక్కడ ఎందుకు పనికొచ్చిందో, హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో ఎందుకు కుదరదో అర్థమవుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ వేడి మీద ఆశతో మామూలు జనరేటర్‌ను ఇంట్లోకి తెచ్చుకునే ప్రమాదం తప్పుతుంది.

వేడి ఎక్కడికి పోతుంది?

ఇంధనాన్ని కాల్చి కరెంటు తీసే ఏ ఇంజిన్ అయినా ఇంధనంలోని శక్తినంతా కరెంటుగా మార్చలేదు. చిన్న జనరేటర్లలో కరెంటుగా మారేది పావు వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బొగ్గుతో నడిచే పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రాల్లోనూ మూడో వంతు చుట్టుపక్కలే. మిగిలిందంతా వేడి. థర్మల్ కేంద్రాల దగ్గర కనిపించే పెద్ద పెద్ద కూలింగ్ టవర్ల పని ఆ వేడిని గాలిలోకి వదిలేయడమే. అక్కడి నుంచి కరెంటు తీగల్లో వందల కిలోమీటర్లు ప్రయాణించేటప్పుడు ఇంకొంత పోతుంది.

కరెంటును తీగల మీద ఎంత దూరమైనా పంపొచ్చు. వేడిని అలా పంపలేం. గొట్టాల్లో పంపితే దారిలోనే చల్లారిపోతుంది. అందుకే వేడి కావాలంటే యంత్రం వేడి అవసరమైన చోటే ఉండాలి. ఈ ఆలోచన నుంచే ఒకేచోట కరెంటూ వేడీ రెండూ తీసుకునే పద్ధతి వచ్చింది. దీన్నే కోజనరేషన్ అంటారు.

తెలుగువారికి ఇది కొత్తదేమీ కాదు. చక్కెర ఫ్యాక్టరీల్లో జరిగేది ఇదే. చెరకు రసం తీశాక మిగిలిన పిప్పిని బాయిలర్‌లో కాలుస్తారు. వచ్చిన ఆవిరితో మొదట టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. టర్బైన్ దాటి వచ్చిన ఆవిరిలో ఇంకా బోలెడు వేడి ఉంటుంది. దాన్ని రసం కాగబెట్టడానికి వాడతారు. ఫ్యాక్టరీ అవసరాలు పోగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మే మిల్లులూ ఉన్నాయి. అక్కడ లెక్క కుదరడానికి కారణం ఒక్కటే. క్రషింగ్ సీజన్‌లో రాత్రింబవళ్లు రసం కాగాలి, అంటే వేడికి రాత్రింబవళ్లు పని ఉంటుంది.

ఇదే పద్ధతిని ఫ్రిజ్ అంత పెట్టెలోకి కుదించి ఇంటి గోడ పక్కన పెడితే, అదే ఇంటి కోజనరేషన్ యంత్రం.

పెట్టె లోపల ఏముంటుంది?

ఇళ్ల కోసం వచ్చిన యంత్రాలు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది గ్యాస్ ఇంజిన్. బండి ఇంజిన్ లాంటిదే, కాకపోతే పైపు గ్యాస్ మీద నడుస్తుంది. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు, పొగ గొట్టం చుట్టూ తిరిగే నీళ్లు ఆ వేడిని తీసుకెళ్లి ఒక ట్యాంకులో చేరుస్తాయి. పాత ఇళ్లలో నీళ్లు కాచే రాగి హమామ్ గుర్తుందా? మధ్యలో నిప్పు గొట్టం, చుట్టూ నీళ్లు. ఇక్కడ ఆ నిప్పు గొట్టం స్థానంలో ఇంజిన్ ఉంటుంది. జపాన్‌లో 2003లో హోండా ఇంజిన్‌తో ‘ఎకోవిల్’ పేరుతో ఇలాంటి యంత్రం అమ్మకానికి వచ్చింది. దాని ఇంజిన్ 163 సీసీ, ఒకే సిలిండర్. అంటే ఒక మోటార్‌ సైకిల్ ఇంజిన్ అంత. ఇచ్చే కరెంటు 1 కిలోవాట్. తర్వాత మెరుగుపరిచిన మోడల్‌లో గ్యాస్ శక్తిలో సుమారు 26 శాతం కరెంటుగా, సుమారు 66 శాతం వేడినీళ్లుగా చేతికొచ్చేవి. రెండూ కలిపితే 92 శాతం. వృథా పోయేది 8 శాతమే.

జర్మనీలో సెనర్‌టెక్ సంస్థ చేసే ‘డాక్స్’ అనే యంత్రం ఇంతకంటే పెద్దది. సుమారు 5.5 కిలోవాట్ల కరెంటు, 12.5 కిలోవాట్ల వేడి ఇస్తుంది. చిన్న అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, పెద్ద ఇళ్ల సెల్లార్లలో దీన్ని పెడతారు.

రెండోది స్టెర్లింగ్ ఇంజిన్. స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ స్టెర్లింగ్ అనే చర్చి మతగురువు 1816లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఇందులో మంట ఇంజిన్ బయట ఉంటుంది. లోపల మూసి ఉన్న వాయువు వేడెక్కి వ్యాకోచించి, చల్లారి సంకోచించి పిస్టన్‌ను కదిలిస్తుంది. శబ్దం తక్కువ, రిపేర్లూ తక్కువ. కానీ ఇళ్ల కోసం చేసిన చిన్న స్టెర్లింగ్ యంత్రాలు ఇచ్చే కరెంటు చాలా కొద్ది. వేడి మాత్రం దండిగా ఇస్తాయి.

మూడోది ఫ్యూయల్ సెల్. ఇందులో ఇంజిన్ ఉండదు, పిస్టన్ ఉండదు. గ్యాస్‌లోంచి హైడ్రోజన్‌ను విడదీసి, దాన్ని గాలిలోని ఆక్సిజన్‌తో రసాయనికంగా కలుపుతారు. కరెంటు పుడుతుంది, నీళ్లు పుడతాయి, వేడి పుడుతుంది. బ్యాటరీ లాంటిదే అనుకోవచ్చు. తేడా ఏమిటంటే దీన్ని చార్జ్ చేయక్కర్లేదు, గ్యాస్ అందుతున్నంతసేపు కరెంటు ఇస్తూనే ఉంటుంది. గ్యాస్ నుంచి కరెంటుగా మారే వంతు కూడా ఇందులో ఎక్కువ. కొత్త రకాల్లో సగం దాటింది.

జపాన్‌లో ఎందుకు నడిచింది?

ఇళ్లలో ఈ యంత్రాలు బాగా పాకిన దేశం జపాన్. అక్కడ 2009లో ‘ఎనె-ఫార్మ్’ పేరుతో ఫ్యూయల్ సెల్ యంత్రాలు మార్కెట్‌లోకి వచ్చాయి. మొదట్లో ధర 30 లక్షల యెన్లకు పైమాటే. ప్రభుత్వం ఒక్కో ఇంటికి గరిష్ఠంగా 14 లక్షల యెన్ల దాకా సబ్సిడీ ఇచ్చింది. తర్వాతి పదేళ్లలో ధర దాదాపు మూడో వంతుకు దిగింది. 2014కల్లా లక్ష యంత్రాలు, ఆ తర్వాత 5 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

సబ్సిడీ ఒక్కటే కారణం కాదు. జపాన్ కుటుంబాల్లో రాత్రిపూట లోతైన తొట్టిలో వేడినీళ్లు నింపుకుని కూర్చోవడం రోజువారీ అలవాటు. ఒక తొట్టికి సుమారు 200 లీటర్ల నీళ్లు. వేసవిలోనూ చాలామంది మానరు. అంటే ఆ యంత్రం పుట్టించే వేడినీళ్లకు ప్రతిరోజూ గిరాకీ ఉంటుంది. యంత్రం పగలంతా 700 వాట్ల చుట్టుపక్కల కరెంటు ఇస్తూ, ఆ వేడితో ట్యాంకులో నీళ్లు నింపిపెడుతుంది. సాయంత్రానికి తొట్టి సిద్ధం.

ఇందులో ఇంకో తెలివి ఉంది. ఇంట్లో వాళ్లు ఏ వేళకు కరెంటు ఎక్కువ వాడతారు, ఏ వేళకు స్నానం చేస్తారు అన్నది యంత్రం కొన్నాళ్లు గమనించి, దాన్ని బట్టి ఎప్పుడు మొదలవ్వాలో తనే నిర్ణయించుకుంటుంది. మొదట వచ్చిన రకాలైతే ట్యాంకు నిండిపోయిందంటే ఆగిపోతాయి. వేడి పెట్టుకునే చోటు లేనప్పుడు కరెంటు కోసం మాత్రమే నడపడం దండగ కాబట్టి.

పైపు గ్యాస్ ఇంటింటికీ ఉండటం, కరెంటు చార్జీలు ఎక్కువ కావడం కూడా కలిసొచ్చాయి. అయినా అన్నీ నిలబడలేదు. లక్షకు పైగా అమ్ముడైన ఎకోవిల్‌ను 2017లో ఆపేశారు. ఇంజిన్ కంటే ఫ్యూయల్ సెల్ ఎక్కువ కరెంటు ఇస్తుండటంతో గిరాకీ అటు మళ్లింది.

కరెంటు పోతే నడుస్తుందా? 2011 నేర్పిన పాఠం

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాయి. ఫుకుషిమా అణు కేంద్రం దెబ్బతింది. టోక్యో చుట్టుపక్కల వంతులవారీగా కరెంటు కోతలు పెట్టారు. అప్పుడు చాలామందికి ఒక చేదు నిజం తెలిసింది. ఇంటి పక్కనే సొంతంగా కరెంటు పుట్టించే యంత్రం ఉన్నా, వీధిలో కరెంటు పోగానే అదీ ఆగిపోయింది.

ఇది లోపం కాదు, భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. గ్రిడ్‌కు కలిసి నడిచే యంత్రం, గ్రిడ్‌లో కరెంటు లేనప్పుడు కూడా నడిస్తే ఆ కరెంటు తీగల్లోకి వెళ్తుంది. లైన్ బాగుచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ ఆగగానే ఇదీ ఆగాలి. పైగా మళ్లీ మొదలవ్వడానికి పంపులు, కంట్రోల్ బోర్డు నడవాలంటే దానికీ బయటి నుంచి కాస్త కరెంటు కావాలి. ఆ తర్వాత 2012 నుంచి కోతల్లోనూ ఇంటిని గ్రిడ్ నుంచి విడదీసి నడిచే మోడళ్లు వచ్చాయి.

ఈ పాఠం ఇక్కడి ఇళ్లకూ వర్తిస్తుంది. ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవారు చాలామంది ‘ఎండ కాస్తోంది, ప్యానెళ్లు బాగానే ఉన్నాయి, మరి కరెంటు పోతే ఇంట్లో లైటు ఎందుకు వెలగదు?’ అని అడుగుతుంటారు. కారణం ఇదే. మామూలు గ్రిడ్ సోలార్ ఇన్వర్టర్ కూడా కోత సమయంలో ఆగిపోతుంది. కోతల్లో వాడుకోవాలంటే బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. కొనేముందే ఈ మాట అడిగి తెలుసుకోవాలి.

చలి దేశంలోనూ ఎందుకు తడబడింది?

బ్రిటన్‌లో చలి ఎక్కువ. ఇళ్లలో గ్యాస్ బాయిలర్లు సర్వసాధారణం. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023లో వేసిన లెక్క ప్రకారం ఒక సాధారణ ఇంటికి ఏడాదికి కరెంటు సుమారు 2,700 యూనిట్లు, గ్యాస్ సుమారు 11,500 యూనిట్లు ఖర్చయ్యేవి. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం ఇల్లు, నీళ్లు వెచ్చబెట్టడానికే. అంటే కరెంటుకు నాలుగింతలు వేడి కావాలి. ఇంకేం, సరిగ్గా సరిపోయే దేశం అనుకున్నారు.

2010లో బ్యాక్సీ సంస్థ స్టెర్లింగ్ ఇంజిన్ ఉన్న బాయిలర్‌ను అమ్మకానికి తెచ్చింది. చూడటానికి గోడకు తగిలించే మామూలు బాయిలరే, కానీ వెచ్చదనంతోపాటు 1 కిలోవాట్ కరెంటు కూడా ఇస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం ఇలాంటి యంత్రాలు పుట్టించే ప్రతి యూనిట్‌కు 10 పెన్సులు ఇస్తామని పథకం పెట్టింది. 30,000 ఇళ్ల దాకా ఇస్తామంది. తీరా చూస్తే చేరిన ఇళ్లు వందల్లోనే ఆగిపోయాయి.

కారణాలు చూస్తే లెక్క అర్థమవుతుంది. మామూలు బాయిలర్ కంటే ధర బాగా ఎక్కువ. వేసవిలో ఇల్లు వెచ్చబెట్టక్కర్లేదు కాబట్టి యంత్రం ఆగి ఉంటుంది, కరెంటూ ఉండదు. కిటికీలు, గోడలు బాగా బిగించిన కొత్త ఇళ్లు త్వరగా వెచ్చబడతాయి. యంత్రం కాసేపు నడిచి ఆగిపోతుంది, కరెంటూ కాసేపే. పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుందన్న ప్రశ్నకు కొనేవాళ్లకు నచ్చే జవాబు దొరకలేదు.

జర్మనీలో పెద్ద భవనాల్లో ఇవి నిలదొక్కుకోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. పది కుటుంబాలున్న భవనంలో ఎవరో ఒకరికి ఎప్పుడూ వేడినీళ్లు కావాలి. యంత్రం ఎక్కువ గంటలు నడుస్తుంది. ఏడాదిలో 8,760 గంటలు ఉంటే, కనీసం 4,000 గంటలకు పైగా నడిస్తేనే ఇలాంటి యంత్రం గిట్టుబాటు అని అక్కడి ఇంజినీర్లు సాధారణంగా చూసుకుంటారు.

ఇప్పుడు చలి దేశాల్లోనూ హీట్ పంప్‌లు గట్టి పోటీ ఇస్తున్నాయి. ఏసీని తిరగేసి నడిపినట్టు, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే యంత్రాలు ఇవి. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల చుట్టుపక్కల వేడి ఇస్తాయి. 2022లో రష్యా-ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధర పెరిగాక యూరప్‌లో చాలామంది గ్యాస్ మీద నడిచే ఏ యంత్రమైనా కొనడానికి వెనకాడారు.

మన ఇంటి లెక్క వేసి చూస్తే..

ఇక హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో, కర్నూలులోనో ఐదుగురున్న ఒక ఇంటిని తీసుకుందాం. చలికాలంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, 20 లీటర్ల బకెట్‌ను 40 డిగ్రీలకు వెచ్చబెట్టడానికి సుమారు అర యూనిట్ వేడి చాలు. ఐదుగురికి ఐదు బకెట్లు, అంటే రెండున్నర యూనిట్లు. వుజూకు, గిన్నెలకు ఇంకో యూనిట్ కలుపుకున్నా రోజుకు మూడున్నర.

ఎకోవిల్ లాంటి 1 కిలోవాట్ ఇంజిన్ గంట నడిస్తే 1 యూనిట్ కరెంటు, సుమారు 2.5 యూనిట్ల వేడి వస్తాయి. అంటే ఇంటికి కావాల్సిన వేడినీళ్లన్నీ గంటన్నరలో సిద్ధం. ఆ గంటన్నరలో వచ్చే కరెంటు ఎంత? ఒకటిన్నర యూనిట్. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, వాషింగ్ మెషీన్ ఉన్న ఇంటికి రోజుకు 6 నుంచి 8 యూనిట్లు కావాలి. మిగతా ఐదు యూనిట్ల కోసం ఇంజిన్‌ను ఇంకో ఐదు గంటలు నడిపితే, దాంతోపాటు ఇంకో 25 బకెట్ల వేడినీళ్లు తయారవుతాయి. అవి ఏం చేసుకోవాలి?

ఇది డిసెంబర్ లెక్క. మే నెలలో ట్యాంకులో నీళ్లే కాలిపోతుంటాయి, వేడినీళ్ల మాటెవరు ఎత్తుతారు? కరెంటు ఎక్కువగా కావాల్సింది కూడా అప్పుడే, ఏసీలు, కూలర్ల కోసం. వేడికి పని లేని రోజున ఈ ఖరీదైన యంత్రం మామూలు జనరేటర్‌తో సమానం.

గ్యాస్ ఖర్చు కూడా చూడాలి. 14.2 కిలోల సిలిండర్‌లో సుమారు 180 యూనిట్ల శక్తి ఉంటుంది. పైన చెప్పిన ఇంజిన్ గంటకు 3.8 యూనిట్ల చొప్పున తాగితే, ఒక సిలిండర్ సుమారు 47 గంటలు వస్తుంది. అంటే ఒక్క సిలిండర్‌కు 47 యూనిట్ల కరెంటు. తాజా సిలిండర్ ధరను 47తో భాగించి, కరెంటు బిల్లులోని యూనిట్ ధర పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా విషయం తెలిసిపోతుంది. ఇది లెక్క కోసం చెప్పిన మాట మాత్రమే. వంట కోసం ఇచ్చిన సిలిండర్‌ను ఇంజిన్‌కు కలపడం నిబంధనలకు విరుద్ధం, ప్రమాదం కూడా. పైపు గ్యాస్ వచ్చిన కాలనీల్లో కూడా వేడి మిగిలిపోయే సమస్య అలాగే ఉంటుంది.

ఇక్కడ ఎవరికి కుదురుతుంది?

ఏడాది పొడవునా, రోజంతా వేడి కావాల్సిన చోట ఈ పద్ధతి తెలుగు రాష్ట్రాల్లోనూ పనికొస్తుంది. చక్కెర మిల్లుల సంగతి పైన చెప్పుకున్నదే. పెద్ద ఆసుపత్రులకు పరికరాలు శుభ్రం చేయడానికి, దుప్పట్లు ఉతకడానికి ఆవిరి, వేడినీళ్లు ఎప్పుడూ కావాలి. పెద్ద హోటళ్లు, మందుల కంపెనీలు, బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీలదీ అదే పరిస్థితి.

వేడితో చల్లదనం పుట్టించే యంత్రాలు కూడా ఉన్నాయి. వీటిని అబ్జార్ప్షన్ చిల్లర్లు అంటారు. ఇంజిన్ వేడిని వీటికి ఇస్తే ఏసీ కోసం చల్లటి నీళ్లు వస్తాయి. అప్పుడు ఎండాకాలంలోనూ వేడికి పని దొరికినట్టే. కానీ ఇవి పెద్ద భవనాలకు సరిపోయే యంత్రాలు. ఒక ఇంటికి, ఒక చిన్న దుకాణానికి పెట్టుకునేవి కావు.

మరి ఇంటికి ఏది మేలు? కరెంటు, వేడి రెండూ ఒకే యంత్రం నుంచి రావాలన్న పట్టింపు వదిలేస్తే దారి సులువు. వేడినీళ్ల కోసం సోలార్ వాటర్ హీటర్ పెట్టుకోవచ్చు. డాబా మీద సుమారు 2 చదరపు మీటర్ల కలెక్టర్ ఉంటే రోజుకు 100 లీటర్ల వేడినీళ్లు వస్తాయి. సాయంత్రం కాగిన నీళ్లు ట్యాంకులో తెల్లవారేదాకా వేడిగానే ఉంటాయి, కరెంటు ఉన్నా లేకపోయినా ఫజ్ర్‌కు అందుతాయి. కరెంటు కోసం సోలార్ ప్యానెళ్లు. ఒక కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్ల దాకా వస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే 78 వేల రూపాయల కేంద్ర సబ్సిడీ ప్రకటించారు. సొంత డాబా లేని కిరాయి ఇళ్లవారికి మాత్రం ఇన్వర్టర్, బ్యాటరీయే ఇప్పటికీ సులువైన మార్గం.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు

‘ఇంజిన్ వేడి వృథా పోతోంది కదా, జనరేటర్‌ను వరండాలోనో, బాత్‌రూమ్ పక్కనో పెట్టి మనమే గొట్టాలు బిగించుకుంటే?’ అన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఇది ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. విదేశాల్లోని ఇంటి యంత్రాల్లో పొగ బయటికి పోయే గొట్టం, గ్యాస్ లీకైతే ఆపే వాల్వు, సెన్సర్లు అన్నీ ఫ్యాక్టరీలోనే అమర్చి వస్తాయి. జపాన్‌లో పెట్టెను ఎక్కువగా ఇంటి బయటే నిలబెడతారు.

జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోకి చేరి ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం. నిద్రలో ఉన్నవారికి అవీ తెలియవు, అలాగే ప్రాణం పోతుంది. అందుకే ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. కిటికీలు, తలుపులకు కనీసం 20 అడుగుల దూరం పాటించాలి. సెల్లార్‌లో, మెట్ల కింద, షట్టర్ సగం దించిన దుకాణంలో నడపకూడదు. కిటికీ తెరిచి పెట్టాం కదా అనుకుంటే సరిపోదు.

బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే అదీ ఇదే కోవలోకి వస్తుంది. తలుపు, వెంటిలేటర్ మూసుకుని స్నానం చేస్తూ స్పృహ తప్పి చనిపోయిన ఘటనలు మన దేశంలో ఏటా చలికాలంలో వార్తల్లోకి వస్తున్నాయి. గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ బయట, గాలి ఆడేచోట ఉండాలి, గొట్టంలో నీళ్లు మాత్రమే లోపలికి రావాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం కూడా అంతే ప్రమాదం.

ఎవరికైనా తలనొప్పి, వికారం ఒకేసారి మొదలైతే ముందు అందరూ బయటికి రావాలి. యంత్రం ఆపడం ఆ తర్వాతి పని. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

జనరేటర్‌ను ప్లగ్ పాయింట్ ద్వారా ఇంటి వైరింగ్‌కు కలపడం ఇంకో పెద్ద తప్పు. చేంజోవర్ స్విచ్ లేకుండా అలా కలిపితే కరెంటు వీధి తీగల్లోకి వెళ్లి, స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది.

విదేశాల్లో ఉన్నవారు అడగాల్సినవి

జపాన్, జర్మనీ, బ్రిటన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇలాంటి యంత్రం ఉన్న ఇల్లు కొనే, కిరాయికి తీసుకునే సందర్భం రావచ్చు. అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. పోయిన ఏడాది యంత్రం ఎన్ని గంటలు నడిచింది? సర్వీసింగ్ ఎన్ని గంటలకోసారి, దానికయ్యే ఖర్చు ఎవరిది? కరెంటు పోయినప్పుడు నడుస్తుందా? మిగిలిన కరెంటును గ్రిడ్ కొంటుందా, ఎంతకు? యంత్రానికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉంది, ఆ కంపెనీ ఇప్పటికీ విడిభాగాలు ఇస్తోందా? చివరి ప్రశ్న మరీ ముఖ్యం. ఈ రంగంలో చాలా మోడళ్లు వచ్చినంత త్వరగానే ఆగిపోయాయి.

ఇక్కడ ఉన్నవారు వేసుకోవాల్సిన లెక్క ఇంకా చిన్నది. ఇంట్లో రోజుకు ఎన్ని బకెట్ల వేడినీళ్లు, ఏడాదిలో ఎన్ని నెలలు కావాలో ఒక కాగితం మీద రాసుకోవాలి. పక్కనే రోజుకు వాడే కరెంటు యూనిట్లు రాయాలి. ఎవరైనా ఏజెంట్ ఇంటికొచ్చి ‘కరెంటు, వేడినీళ్లు రెండూ ఇచ్చే జనరేటర్’ అని బ్రోచర్ చూపిస్తే, ముందు ఆ కాగితం అతని ముందు పెట్టాలి. మిగిలిపోయే వేడి ఎక్కడికి పోతుందో, మే నెలలో దాన్ని ఏం చేయాలో అతను చెప్పలేకపోతే అడ్వాన్స్ ఇవ్వకపోవడమే మంచిది.